అమ్మమ్మ విమానం ఎంత దూరం వెళ్తుంది? ఎంతసేపట్లో చేరుతుంది?



జూన్‌లో జరిగిన పేరెంట్స్ మీటింగ్‌కు ఆరో తరగతి పాప తల్లి ఒకరు అట్లాసు చేత్తో పట్టుకుని వచ్చారు. మార్కుల గురించి అడుగుతారేమో అనుకున్నాను. ఆమె అడిగింది వేరే. వాళ్ల అమ్మగారు జూలైలో ఢిల్లీ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నారట, చిన్నమ్మాయి పురుడుకు. పాప తన అమ్మమ్మ ఎంత దూరం వెళ్తుందో లెక్క కట్టడం మొదలుపెట్టింది. అట్లాసులో ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే దాదాపు 22 వేల కిలోమీటర్లు వచ్చింది. ఫోన్‌లో వెతికితే 12,400 దగ్గర చూపించింది. నాన్నగారికి ఎప్పుడో పేపర్లో చదివిన 15,300 గుర్తుంది. ఇది చాలదన్నట్టు టికెట్ చూస్తే ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరే విమానం అదే రోజు ఉదయం 7 గంటలకు అమెరికాలో దిగుతుందని ఉంది. “మూడు గంటల్లో అమెరికానా?” అని పాప అడిగింది. “భూమి తిరుగుతోంది కదమ్మా, అందుకే” అని నాన్నగారు చెప్పారు. పాప ఒప్పుకోలేదు.

“ఫోన్‌లో ఉన్నదే రాసెయ్ అన్నాను మేడం. సరిపోతుందా?” అని ఆ తల్లి అడిగారు.

రాసేస్తే సరిపోతుంది. కానీ ఆ పాప అడిగిన ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. మన ఇళ్లలో చాలామందికి అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫ్‌లోనో ఎవరో ఒకరు ఉన్నారు. టికెట్లు, టైమింగులు, వీడియో కాల్స్ మన పిల్లలకు రోజూ కనిపించేవే. సోషల్, మ్యాథ్స్, సైన్స్ మూడూ ఒకేచోట కలిసే ఇంత మంచి పాఠం ఇంట్లోనే దొరుకుతుంటే వదులుకోకూడదు. అందుకే ఈ నెల ఆ పాప తెచ్చిన అంకెలనే ఒక్కొక్కటిగా చూద్దాం.

అట్లాసు చెప్పిన 22 వేలు

ముందుగా మీ పిల్లలకు ఒక చిన్న విషయం చెప్పండి. భూమి చుట్టుకొలత సుమారు 40 వేల కిలోమీటర్లు. అంటే భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్య అయినా దగ్గరి దారి అందులో సగాన్ని, అంటే 20 వేల కిలోమీటర్లను మించదు. అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే అవతలి వైపు నుంచి వెళ్తే దగ్గరవుతుందని అర్థం. కాబట్టి 22 వేలు అనే జవాబు తప్పని ఏ ఫోనూ చూడకుండానే చెప్పేయవచ్చు. జవాబు వచ్చాక “ఇది అసలు సాధ్యమేనా?” అని ఒకసారి ఆగి చూసుకునే అలవాటు పిల్లలకు పరీక్షల్లోనూ పనికొస్తుంది.

మరి పాప స్కేలు తప్పు చూపించిందా? లేదు. తప్పు కాగితానిది. బత్తాయి తొక్కను ఒలిచి బల్ల మీద పరిచి చూడండి. చిరగకుండా, సాగకుండా అది చదునుగా పరుచుకోదు. గుండ్రటి భూమిని చదును కాగితం మీదకు తెచ్చేటప్పుడు పటం గీసేవాళ్లు ఎక్కడో ఒకచోట సాగదీయాల్సిందే. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అంతా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ పటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు ఒకే సైజులో ఉంటాయి. నిజానికి ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కు 14 రెట్లు పెద్దది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన అట్లాసుల్లో పటం మధ్యలో యూరప్, ఆఫ్రికా ఉంటాయి. ఢిల్లీ కుడివైపు, శాన్‌ఫ్రాన్సిస్కో ఎడమ అంచు దగ్గర ఉంటాయి. స్కేలు పెడితే గీత ఇరాన్, మధ్యధరా సముద్రం, అట్లాంటిక్, అమెరికా మొత్తం దాటుకుంటూ పడమరకు వెళ్తుంది. పటానికి కుడి అంచు, ఎడమ అంచు నిజానికి ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయన్న సంగతి కాగితం మీద కనిపించదు.

గ్లోబు చెప్పిన 12,400

ఇప్పుడు గ్లోబు తీసుకోండి. ఇంట్లో లేకపోతే మా ల్యాబ్‌లో ఉంది, పిల్లలు వచ్చి చూడవచ్చు. ఒక కుట్టుదారం ఢిల్లీ మీద ఒక వేలితో, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఇంకో వేలితో పట్టి బిగువుగా లాగమనండి. దారం తనంతట తానే ఒక దారి వెతుక్కుంటుంది. అది పడమరకూ పోదు, తూర్పుకూ పోదు. దాదాపు ఉత్తరానికి ఎక్కుతుంది. టిబెట్, సైబీరియా, ఆర్కిటిక్ మహాసముద్రం, అలాస్కా దాటి, కెనడా పశ్చిమ తీరం పక్కగా కిందికి దిగి శాన్‌ఫ్రాన్సిస్కో చేరుతుంది. మొదటిసారి చూసిన పిల్లలు ఒక నిమిషం నమ్మరు. మళ్లీ లాగి చూస్తారు. లాగనివ్వండి.

గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య అన్నిటికన్నా దగ్గరి దారి ఇదే. దీన్ని గ్రేట్ సర్కిల్ దారి అంటారు. ఫోన్‌లో కనిపించే దూరం సాధారణంగా ఇదే. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇది సుమారు 12,400 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి అయితే సుమారు 13,500 కిలోమీటర్లు.

ఈ అంకెను పిల్లలు సొంతంగా కూడా తేల్చవచ్చు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబుకు భూమధ్యరేఖ వెంట దారం చుడితే సుమారు 94 సెంటీమీటర్లు వస్తుంది. అది 40 వేల కిలోమీటర్లకు సమానం. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో దారం సుమారు 29 సెంటీమీటర్లు వస్తుంది. 29ని 94తో భాగించి 40 వేలతో గుణిస్తే 12,340. ఫోన్ చెప్పిన దానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. ఫోన్ చెప్తే నమ్మడం వేరు, తన దారంతో తేల్చుకుని నమ్మడం వేరు.

విమానం ఆ దారిలోనే వెళ్తుందా?

వెళ్లదు. ఇక్కడి నుంచే అసలు కథ మొదలవుతుంది.

దారం టిబెట్ మీదుగా వెళ్లింది కదా. టిబెట్ పీఠభూమి సగటున 4,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విమానం లోపల మనం ఊపిరి తీసుకోగలిగేలా గాలిని ఒత్తిడితో నింపి ఉంచుతారు. ఆ ఒత్తిడి ఏ కారణంగానో తగ్గిపోతే పైనుంచి ఆక్సిజన్ మాస్కులు కిందికి వేలాడతాయి. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో ఒక పావుగంట మాత్రమే వస్తుంది. ఆలోగా పైలట్ విమానాన్ని సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దించాలి. కింద నేలే 4,500 మీటర్ల ఎత్తులో ఉంటే ఇంక దిగేదెక్కడికి? అందుకే ప్రయాణికుల విమానాలు వీలైనంత వరకు టిబెట్‌ను తప్పించుకుని వెళ్తాయి.

రెండో కారణం, దారిలో దిగడానికి చోటు. రెండు ఇంజిన్ల విమానానికి ఒక ఇంజిన్ ఆగిపోయినా, నిర్ణీత సమయంలో చేరుకోగల విమానాశ్రయం ఏదో ఒకటి దారి పొడవునా ఉండేలా చూసుకుంటారు. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానంలో ఒక ఇంజిన్‌కు సమస్య వచ్చింది. రష్యా తూర్పు చివర ఉన్న మగదాన్ అనే ఊళ్లో దాన్ని క్షేమంగా దించారు. 216 మంది ప్రయాణికులను, సిబ్బందిని రెండు రోజుల తర్వాత మరో విమానం వెళ్లి శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చింది. ఆ రోజు వరకు మనలో చాలామంది మగదాన్ పేరే విని ఉండరు. కానీ దారి గీసినవాళ్ల జాబితాలో అలాంటి ఊళ్లు ముందే ఉంటాయి.

మూడో కారణం, అనుమతి. నేల మీద దేశాలకు సరిహద్దులు ఉన్నట్టే పైన గగనతలానికీ ఉన్నాయి. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం యూరప్, అమెరికా విమాన సంస్థలకు మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలాన్ని మూసేసింది. ఆ వారంలోనే ఢిల్లీ నుంచి యూరప్‌కు, అమెరికాకు వెళ్లే ఎన్నో విమానాలు చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఊళ్ల మధ్య దూరం ఒక్క అంగుళం కూడా పెరగలేదు. ప్రయాణ సమయం మాత్రం పెరిగింది.

కాబట్టి గ్లోబు మీద దూరం ఒకటి, విమానం తిరిగే దూరం ఇంకొకటి. మొదటిది ఎప్పటికీ మారదు. రెండోది రోజూ మారవచ్చు.

దూరం ఎక్కువ, సమయం తక్కువ

ఇప్పుడు నాన్నగారు గుర్తుపెట్టుకున్న 15,300 సంగతి. అది కూడా నిజమే.

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా 2015 డిసెంబర్‌లో నేరుగా విమానం మొదలుపెట్టింది. అది మొదట పడమరగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దారి మార్చి తూర్పుగా, పసిఫిక్ మీదుగా నడిపారు. కొత్త దారి సుమారు 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. మన లెక్క ప్రకారం గంటన్నర ఆలస్యం కావాలి. కానీ విమానం పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. అట్లాంటిక్ దారితో పోలిస్తే సుమారు రెండు గంటలు ముందే.

మీ పాపను, బాబును ఇక్కడ ఆపి “ఎందుకై ఉంటుంది?” అని అడగండి. జవాబు వెంటనే చెప్పకండి.

పాపికొండల బోటు ఎక్కినవాళ్లు ఉంటే ఈ విషయం తేలిగ్గా పట్టుకుంటారు. అదే బోటు, అదే ఇంజిన్. గోదావరికి ఎదురు వెళ్లేటప్పుడు ఎక్కువసేపు పడుతుంది, ప్రవాహంతో కలిసి తిరిగి వచ్చేటప్పుడు తొందరగా వచ్చేస్తుంది. ఆకాశంలోనూ అలాంటి నదులు ఉన్నాయి. వాటిని జెట్ స్ట్రీమ్స్ అంటారు. పెద్ద విమానాలు ఎగిరే 10, 12 కిలోమీటర్ల ఎత్తులోనే ఇవి పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. గంటకు 200 కిలోమీటర్లు దాటే వేగం వీటికి మామూలే. చలికాలంలో ఇంకా బలంగా ఉంటాయి.

విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకోండి. వెనక నుంచి 150 కిలోమీటర్ల గాలి తోస్తే నేల మీద లెక్కన గంటకు 1,050 కిలోమీటర్లు సాగుతుంది. అదే గాలి ఎదురైతే 750 మాత్రమే. ఇంజిన్ పని అంతే, ఇంధనం ఖర్చు అంతే, సాగిన దూరం మాత్రం వేరు. 15,300ని పద్నాలుగున్నరతో భాగించమనండి. గంటకు సుమారు 1,055 కిలోమీటర్లు వస్తుంది. గాలి ఎంత సాయం చేసిందో పిల్లలకు ఆ ఒక్క భాగహారంలో తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది రోజూ తెలిసిన సంగతే. ఆఫీసు టైములో సిటీ మధ్యలోంచి వెళ్తే దూరం తక్కువ, ఔటర్ రింగు రోడ్డు మీద వెళ్తే దూరం ఎక్కువ. అయినా ఎంతమంది ఔటర్ ఎక్కరు? దగ్గరి దారి, త్వరగా చేర్చే దారి ఎప్పుడూ ఒకటే కావాలని లేదు.

ఈ గాలుల వెనక ఒక ఆసక్తికరమైన కథ ఉంది. 1920లలో జపాన్‌లో వాసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి, అవి కొట్టుకుపోయే తీరును బట్టి పై గాలుల వేగాన్ని కొలిచారు. ఆ ఎత్తులో అంత బలమైన గాలి ఉందని అప్పటికి లోకానికి సరిగా తెలియదు. ఆయన తన నివేదికను 1926లో ఎస్పరాంటో భాషలో ప్రచురించారు. అన్ని దేశాలవాళ్లూ చదవాలని తయారు చేసిన భాష అది. కానీ ఆ భాష తెలిసినవాళ్లు తక్కువ కావడంతో దాన్ని పట్టించుకున్నవాళ్లూ తక్కువే. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్ల పైలట్లు ఆ గాలికి ఎదురెళ్లి, విమానాలు ముందుకు సాగక ఆశ్చర్యపోయారు. కనిపెట్టడం ఎంత ముఖ్యమో, కనిపెట్టింది పదిమందికి అర్థమయ్యేలా చెప్పడం కూడా అంతే ముఖ్యమని మా క్లాసుల్లో ఈ కథ చెబుతుంటాం.

2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటలకు పైన పట్టే ప్రయాణమది. వెనకాల బలమైన తుఫాను గాలి తోడైంది.

భూమి తిరుగుతోంది కదా?

ఇక నాన్నగారి జవాబు. “భూమి తిరుగుతోంది కాబట్టి తొందరగా చేరుతుంది” అని మనలో చాలామందిమి చెప్పే ఉంటాం. చిన్నప్పుడు మనకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

భూమి నిజంగానే తిరుగుతోంది. హైదరాబాద్ ఉన్న చోట నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. మరి హెలికాప్టర్ ఒకటి గాలిలోకి లేచి గంటసేపు ఒకేచోట నిలబడితే, దిగేసరికి కింద ఊరు 1,600 కిలోమీటర్లు జరిగిపోయి ఉండాలి కదా? అలా ఎప్పుడూ జరగలేదు. ఎందుకంటే భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న హెలికాప్టరూ తిరుగుతోంది. రైల్లో వెళ్తూ రూపాయి బిళ్లను పైకి ఎగరేయండి. అది వెనక సీట్లో పడదు, మీ చేతిలోనే పడుతుంది. అదే సూత్రం.

అయితే నాన్నగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువాల దగ్గర చలి. ఈ తేడా వల్ల పై గాలి కదులుతుంది. భూమి తిరగడం వల్ల ఆ గాలి పక్కకు మళ్లి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. అంటే భూమి తిరగడం విమానాన్ని నేరుగా తోయదు, కానీ విమానాన్ని తోసే గాలికి దిశ ఇస్తుంది. ఇంట్లో మనం చెప్పిన జవాబు సగమే నిజమని తెలిస్తే, “నేను చెప్పింది పూర్తిగా సరి కాదు నాన్నా, రా ఇద్దరం చూద్దాం” అనండి. పిల్లల దగ్గర మన గౌరవం దానివల్ల పెరుగుతుందే గానీ తగ్గదు.

నాలుగుకు ఎక్కి ఏడుకు దిగడం

టికెట్ మీద ఉన్న ప్రతి టైమూ ఆ ఊరి లోకల్ టైమే. 4 గంటలు ఢిల్లీ గడియారంలో, 7 గంటలు శాన్‌ఫ్రాన్సిస్కో గడియారంలో. రెండు వేరు గడియారాల అంకెలను నేరుగా తీసివేస్తే వచ్చే మూడు గంటలకు అర్థం లేదు.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు. మన దేశ సమయాన్ని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగానే వెళ్తుంది. 82½ని 15తో భాగిస్తే ఐదున్నర. అందుకే మన గడియారం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. శాన్‌ఫ్రాన్సిస్కో సమయానికి ఆధారం 120 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. 120ని 15తో భాగిస్తే 8. వాళ్లు గ్రీనిచ్ కన్నా 8 గంటలు వెనక. రెండూ కలిపితే తేడా పదమూడున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం వరకు వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి అప్పుడు తేడా పన్నెండున్నర గంటలే.

జూలైలో అమ్మమ్మ దిగేటప్పుడు అక్కడ ఉదయం 7. దానికి పన్నెండున్నర కలిపితే మన గడియారంలో రాత్రి 7:30. తెల్లవారుజామున 4 నుంచి రాత్రి 7:30 వరకు అంటే పదిహేనున్నర గంటలు. ఇదీ అసలు ప్రయాణ సమయం. 2016 అక్టోబర్‌లో పద్నాలుగున్నర గంటలు పట్టిన ప్రయాణానికి ఇప్పుడు గంట ఎక్కువ ఎందుకని మీ పిల్లలు అడిగితే, పై రెండు భాగాల్లో జవాబు ఉంది: దారీ మారుతుంది, గాలీ మారుతుంది.

ఇంకో వింత. తూర్పుగా వెళ్లే ఈ విమానం దారిలో అంతర్జాతీయ దినరేఖను దాటుతుంది. 16వ తేదీ తెల్లవారుజామున బయలుదేరిన అమ్మమ్మ, రేఖ దాటగానే అక్కడి లెక్కన 15వ తేదీ సాయంత్రంలోకి వెళ్తుంది. మళ్లీ రాత్రి గడిచి 16వ తేదీ ఉదయం దిగుతుంది. క్యాలెండర్‌లో 16ను రెండుసార్లు చూస్తుంది. వయసు మాత్రం పదిహేనున్నర గంటలే పెరుగుతుంది!

పెద్దవాళ్లను పంపేటప్పుడు

ఈ లెక్క సరదాకు మాత్రమే కాదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటలకు పైన, అక్కడ విమానం మారడానికి కొన్ని గంటలు, ఆపైన పదిహేనున్నర గంటలు. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి లెక్క వేస్తే దాదాపు ఒక రోజు. టికెట్ కొనేటప్పుడు విమానం గాలిలో ఉండే సమయాన్ని కాకుండా ఈ మొత్తాన్ని చూడండి. చేరే టైము పక్కన “+1” అని ఉంటే మర్నాడు దిగుతుందని అర్థం. అక్కడ తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు తేదీతో సహా చెప్పండి.

షుగరు, బీపీ మందులు వేసుకునే పెద్దలు ఉంటే, దారిలో ఏ మాత్ర ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో ముందే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాసి ఇవ్వండి. మందులు చెక్-ఇన్ బ్యాగులో కాకుండా చేతి సంచిలో, ప్రిస్క్రిప్షన్‌తో సహా ఉంచండి. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయమని, నీళ్లు తాగమని చెప్పండి. పన్నెండున్నర గంటల తేడాకు ఒంటి గడియారం సర్దుకోవడానికి వారం పైనే పట్టవచ్చు. చేరిన మర్నాడు పగలు నిద్రపోతున్నారని కంగారు పడకండి.

ఫోన్ చేయడానికి పిల్లలకు ఒక చిట్కా నేర్పండి. చలికాలంలో మన టైములో పగలు, రాత్రి తారుమారు చేసి గంటన్నర తగ్గించాలి. ఎండాకాలంలో అరగంట తగ్గిస్తే చాలు. మనకు రాత్రి 8 అయితే అక్కడ చలికాలంలో ఉదయం 6:30, ఎండాకాలంలో ఉదయం 7:30.

ఇంట్లో చేసి చూడండి

1. దారం పని: గ్లోబు మీద హైదరాబాద్ నుంచి మీ బంధువులు ఉన్న ఊరికి దారం లాగండి. ఏయే దేశాల మీదుగా వెళ్తుందో ముందు ఊహించి రాసి, తర్వాత సరిచూడండి.

2. లెక్క: 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలి నాన్‌స్టాప్ విమానం బయలుదేరింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నలుగురు మహిళా పైలట్లు దాన్ని నడిపారు. షెడ్యూల్ ప్రకారం అక్కడ 9వ తేదీ రాత్రి 8:30కు బయలుదేరి, ఇక్కడ 11వ తేదీ తెల్లవారుజామున 3:45కు చేరాలి. ప్రయాణ సమయం ఎంత? (జవాబు: గడియారాల మధ్య తేడా 31 గంటల 15 నిమిషాలు. అందులో పదమూడున్నర గంటలు తీసేస్తే 17 గంటల 45 నిమిషాలు.)

3. ఆలోచన: ఢిల్లీ నుంచి పసిఫిక్ మీదుగా తూర్పుకు వెళ్లిన విమానం, తిరిగి వచ్చేటప్పుడు కూడా గాలి సాయం తీసుకోవాలంటే ఎటు రావాలి? (జవాబు: మళ్లీ తూర్పుకే, అట్లాంటిక్ మీదుగా. అప్పుడు ఆ ప్రయాణికులు భూమి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టే.)

చివరిగా

ఆ పాప తన నోట్‌బుక్కులో ఇప్పుడు మూడు వరుసలు రాసుకుంది. గ్లోబు దూరం 12,400. విమానం దూరం, ఆ రోజు దారిని బట్టి. ప్రయాణం పదిహేనున్నర గంటలు, గాలిని బట్టి. 22 వేలను కొట్టేయలేదు. పక్కన “కాగితం దూరం” అని రాసుకుంది. నాకు అది బాగా నచ్చింది. తప్పు జవాబు ఎందుకు వచ్చిందో తెలిశాక దాన్ని దాచుకోవాల్సిన పని లేదు.

అమ్మమ్మ బయలుదేరిన రోజు సాయంత్రం ఇంట్లో అందరూ “ఇంకా ఫోన్ రాలేదేంటి” అంటుంటే, పాప గడియారం చూసి “ఏడున్నరకు దిగుతుంది, ఇమిగ్రేషన్ అయ్యేసరికి తొమ్మిది అవుతుంది, అప్పటిదాకా ఎవరూ టెన్షన్ పడకండి” అందట. తొమ్మిదికి పది నిమిషాల ముందే ఫోన్ వచ్చిందని వాళ్లమ్మ మాకు చెప్పారు.

మీ ఇంట్లో ఈసారి ఎవరైనా దూర ప్రయాణం పెట్టుకుంటే, టికెట్ ప్రింటు ఒకటి మీ పిల్లల చేతికీ ఇవ్వండి.